పాజిటివ్ కాగితం లేదు, పాణం బాగలేదు



మేము సిద్దిపేట జిల్లా అక్కన్నపేట, హుస్నాబాద్ దిక్కు తాండాల పిల్లలం. సిద్దిపేటల హాస్టళ్లల్ల, రూములల్ల ఉండి చదువుకుంటున్నం. మాలో డిగ్రీ చదివేటోళ్లు ఉన్నరు, నర్సింగ్ చదివేటోళ్లు ఉన్నరు, చదువు అయిపోయి గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యేటోళ్లు ఉన్నరు. మామూలుగా మనం ఇక్కడ నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ బకాయిలు, హాస్టల్ భోజనం, భూమి పట్టాల గురించే రాసుకుంటం. ఈసారి ఆరోగ్యం గురించి రాస్తున్నం. కొంచెం పొడుగుంటది, ఓపికతోటి చదవండి.

విషయం ఇది. కరోనా వచ్చిపోయి ఏండ్లు గడిచినా కొందరి పాణం మళ్ల మొదటి లెక్కకు రాలేదు. దీన్ని లాంగ్ కోవిడ్ అంటరు. పట్నంల పైసలున్నోళ్లు పెద్ద డాక్టర్ల దగ్గరికి పోయి కనీసం పేరన్న తెలుసుకున్నరు. మన తాండాలల్ల మాత్రం దానికి పెట్టిన పేరు సోమరితనం. మేము అడిగేది ఒక్కటే. సిద్దిపేట జిల్లాల ఈ లక్షణాలున్నోళ్లను సక్కగ పరీక్ష చేసి, ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసిచ్చే ఒక చోటు కావాలె. ఎందుకు కావాలెనో, అది వచ్చేదాక మనం ఏం చేసుకోవాలెనో కింద రాసినం.

మా చెల్లె సంగతి

పేరు రాయం. మాలో ఒకరి సొంత చెల్లె, మిగిలినోళ్లకు కూడా చెల్లె లెక్కనే. 2021 మే నెలల రెండో వేవ్ వచ్చినప్పుడు ఆమె ఇంటర్ ఫస్ట్ ఇయర్. ఇంట్ల నలుగురికీ జ్వరం. వాసన పోయింది, రుచి పోయింది. అప్పుడే సర్కారు ఇంటింటి జ్వర సర్వే పెట్టింది. ఆశా అక్క, ఏఎన్ఎం వచ్చి గోలీల కిట్టు ఇచ్చిపోయిన్రు. పరీక్ష చేయించుకుందామంటే పోయిన చోట కిట్లు అయిపోయినయ్ అన్నరు. పది రోజులకు జ్వరం తగ్గింది. గండం గడిచింది అనుకున్నం.

మూడు నెలలైనా పిల్ల మనిషి కాలేదు. హాస్టల్ల రెండో అంతస్తు మెట్లెక్కితే గుండె దడదడ కొట్టుకునుడు, ఆయాసం. ఒక పేజీ చదివితే పై లైన్ల ఏముందో గుర్తుండకపోవుడు. బట్టలు ఉతికిన రోజు బాగనే ఉండి, తెల్లారి నుంచి రెండు రోజులు మంచం మీద నుంచి లేవకపోవుడు. ఆ ఏడాది అక్టోబర్‌ల ఇంటర్ ఫస్ట్ ఇయర్ పరీక్షలు పెట్టిన సంగతి మీకు యాదికుండే ఉంటది. డిసెంబర్‌ల రిజల్ట్ వస్తే రాష్ట్రంల సగం మంది కూడా పాస్ కాలే, 49 శాతమే. తర్వాత అందరికీ కనీస మార్కులేసి పాస్ చేసిన్రు. చెల్లె కూడా ఆ లెక్కల్నే గట్టెక్కింది. అందరు పిల్లలు ఫెయిలైన్రు కదా అని ఆమె ఫెయిలైన కారణం ఎవ్వరం అడగలే. పదో తరగతిల ఆమె స్కూల్ ఫస్ట్ అన్న సంగతి కూడా ఎవ్వరం యాదికి తెచ్చుకోలే.

తాండాల భగత్ దగ్గరికి తీస్కపోయిన్రు. ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజులు, బలం సూదులు అయినయ్. మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి టౌన్‌ల స్కానింగ్ చేయించిన్రు. రిపోర్టులన్నీ నార్మల్. నార్మల్ అంటే సంతోషపడాలె. కని ఆ మాట ఆమెకు శిక్ష లెక్క అయింది. డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "కోవిడ్ పాజిటివ్ రిపోర్ట్ ఉన్నదా?" లేదన్నం. "మరి కోవిడ్ వచ్చిందని ఎట్ల అంటున్నరు? ఏం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అన్నడు. ఇంటికొచ్చినంక బాపు అన్న మాట, "డాక్టరే ఏం లేదన్నడు కదా బిడ్డా, లేచి పనికి రా."

డిగ్రీల చేరినంక హాజరు తక్కువైంది. హాజరు లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, పరీక్షకు కూసోనియ్యరు. మెడికల్ సర్టిఫికెట్ తెమ్మన్నరు. అన్ని రిపోర్టులు నార్మల్ ఉన్నోళ్లకు సర్టిఫికెట్ ఎవరిస్తరు? సెకండ్ సెమిస్టర్ల చదువు ఆగింది. ఇంట్ల పెండ్లి ముచ్చట మొదలైంది.

ఇంకో మాట దాచకుండ రాయాలె. మేము కూడా అన్నం. "ఫోన్ చూసుకుంట పండుకుంటది, పనంటే ఆయాసం వస్తది" అని నవ్వినం. ఆమె ఎదురు మాట్లాడలే. ఈ రాత రాసుడు ఆ నవ్వుకు మేము కట్టుకునే జుర్మానా అనుకోండి.

ఇది ఏం రోగం

2020 మే నెలల ఎలీసా పెరెగో అనే ఇటలీ పురావస్తు పరిశోధకురాలు తన బాధ చెప్పుకుంట ట్విట్టర్‌ల లాంగ్ కోవిడ్ అనే మాట వాడింది. ఆమె డాక్టర్ కాదు, రోగి. అట్లనే తగ్గని లక్షణాలున్నోళ్లు దేశదేశాలల్ల ఒకరినొకరు ఎతుక్కొని, గొంతు కలిపి, డాక్టర్లు ఇనేదాక చెప్పిన్రు. అంటే ఈ రోగానికి పేరు పెట్టింది రోగులే. ఇది మనం గుర్తువెట్టుకోవాల్సిన సంగతి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబర్‌ల దీనికి ఒక నిర్వచనం ఇచ్చింది. కరోనా మొదలైన మూడు నెలల సంది లక్షణాలు ఉండాలె, కనీసం రెండు నెలలు సాగాలె, వేరే రోగంతోటి వాటికి జవాబు దొరకొద్దు. ముఖ్యమైన లక్షణాలు మూడు: విపరీతమైన అలసట, ఆయాసం, ఆలోచన మందగించుడు. ఇవి గాక గుండెదడ, నిద్ర పట్టకపోవుడు, కీళ్ల నొప్పులు, తలనొప్పి, నిలబడితే కళ్లు తిరుగుడు వంటివి చాలా ఉన్నయ్. ఒకపాలి తగ్గినట్టు అయ్యి మళ్ల రావచ్చు. కరోనా వచ్చిన ప్రతి వంద మందిల సుమారు ఆరుగురికి ఇట్లాంటి ఇబ్బంది మిగులుతదని ఆ సంస్థ అంచనా. కరోనా తేలికగా వచ్చిపోయినోళ్లకు కూడా రావచ్చు, వయసుల ఉన్నోళ్లకు కూడా రావచ్చు.

ఇది నమ్మశక్యం కాదు అనేటోళ్లను మేము ఒకటే అడుగుతున్నం. చికెన్‌గున్యా మర్చిపోయిన్రా? 2005 ఆఖరుల మొదలై 2006ల ఊర్లకు ఊర్లు పండుకున్నయ్. ఆ ఏడాది దేశంల దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు లెక్కకొచ్చినయ్. జ్వరం వారంల పోయింది. కీళ్ల నొప్పులు నెలలు, కొందరికి ఏండ్లు ఉన్నయ్. మా నాయనమ్మలు పొద్దున లేచి పిడికిలి ముడవలేకపోయేది. అప్పుడు ఎవ్వరూ "నీకేం లేదు, టెన్షన్" అనలే. ఎందుకంటే ఊరంతా కుంటుతున్నది, కండ్లకు కనబడుతున్నది. లాంగ్ కోవిడ్ కండ్లకు కనబడదు, ఇంటికొకరికో వాడకొకరికో ఉంటది. తేడా అంతే. జ్వరం పోయినా దాని జాడ ఒంట్ల మిగులుతదన్న సంగతి మన ముసలోళ్లకు కొత్త కాదు.

పాజిటివ్ రిపోర్ట్ లేకపోతే?

మా చెల్లెను ఆపిన ప్రశ్న ఇదే కాబట్టి దీనికి జవాబు గట్టిగ తెలుసుకోవాలె. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంల ఉన్నది పరీక్షల తేలిన కరోనా అని మాత్రమే కాదు, వచ్చి ఉండొచ్చని బలంగా అనిపించే కరోనా కూడా లెక్కనే. అమెరికాల జాతీయ అకాడమీలు 2024 జూన్‌ల ఇచ్చిన నిర్వచనం ఇంకా ఒక అడుగు ముందుకు పోయి, ల్యాబ్ రిపోర్ట్ ఉండాలనే షరతు అవసరం లేదని తేటతెల్లం చేసింది. మన దేశంల కూడా కేంద్ర ఆరోగ్య శాఖ 2020 సెప్టెంబర్‌ల కోవిడ్ తర్వాతి సంరక్షణకు ఒక ప్రోటోకాల్ ఇచ్చింది. 2021 అక్టోబర్‌ల గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, నరాలు, జీర్ణకోశం గురించి డాక్టర్లకు సమగ్ర మార్గదర్శకాలు ఇచ్చింది. రోగాల లెక్కల పుస్తకం ఐసీడీ-10ల దీనికి యూ09.9 అని సొంత కోడ్ ఉన్నది. అంటే ఇది మేము పుట్టించిన రోగం కాదు.

ఇప్పుడు మన సంగతి ఆలోచించండి. 2021 మే నెలల కిట్లు సరిపోక, బస్సులు నడవక, పరీక్ష కోసం పది పదిహేను కిలోమీటర్లు పోలేక ఎంతమంది ఇంటికొచ్చిన గోలీలే మింగి ఊకున్నరు? అప్పుడు పరీక్ష చేయంది ఎవరు, ఇప్పుడు రిపోర్ట్ అడిగేది ఎవరు? జ్వర సర్వేల మన ఇండ్ల పేర్లు రాసుకొని, గోలీలు ఇచ్చి, తారీఖు వేసిన్రు కదా. ఆ సర్వే రిజిస్టరే మన సాక్ష్యం. ఆ నెలల, ఆ ఇంట్ల, వాసన రుచి పోయిన జ్వరం వచ్చిందని ఆశా అక్క ఒక్క మాట రాసిస్తే సరిపోవాలె.

"శాతనైతలేదు" అనే మాట

మేము ఒక సంగతి గమనించినం. మన ఆడోళ్లు, ముసలోళ్లు దవాఖానకు పోయి ఏం బాధ అంటే "శాతనైతలేదు సార్" అంటరు. ఆ ఒక్క మాటల ఆయాసం ఉంటది, నీరసం ఉంటది, కళ్లు తిరుగుడు ఉంటది, మతి నిలువకపోవుడు ఉంటది. ఇంట్ల మాట్లాడేది గోర్ బోలీ, అక్కడ చెప్పాల్సింది తెలుగుల, డాక్టర్ రాసేది ఇంగ్లీషుల. మూడు భాషలు దాటేసరికి చీటీ మీద మిగిలేది "జనరల్ వీక్‌నెస్". చేతికొచ్చేది బీ కాంప్లెక్స్ గోలీ. డాక్టర్‌కు ఒక్కో ఓపీల పదుల మంది ఉంటరు, ఆయనకు టైం లేదు. అందుకే ఆ మాటను విడగొట్టి చెప్పే పని చదువుకున్న మనదే.

పోయేముందు ఒక కాగితం మీద ఇవి రాయండి. జ్వరం ఏ నెలల వచ్చింది, ఎన్ని రోజులున్నది, వాసన రుచి పోయినయా. అంతకుముందు ఏం పనులు చేసేది, ఇప్పుడు ఏం చేయలేకపోతున్నరు. ఉదాహరణకు, "ముందు రోజంతా పత్తి ఏరేది, ఇప్పుడు రెండు సాళ్లకే కూసుంటుంది" అని. ఆయాసమా, నీరసమా, కళ్లు తిరుగుడా, మతిమరుపా, ఏది ఎప్పుడు వస్తుందో వేర్వేరుగా. పని చేసిన రోజే వస్తుందా, తెల్లారినంకనా, మర్నాడా. రెండు వారాల పాటు రోజూ ఒక్కో లైన్ రాసుకొని తీస్కపోతే, "టెన్షన్" అని పంపించుడు అంత సులువు కాదు.

"అందరికీ ఉండే అలసటే" అనేటోళ్లకు

ఇది సరైన ప్రశ్ననే, దాటేయం. తాండాల అలిసిపోని మనిషెవరు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. థైరాయిడ్ ఉండొచ్చు, షుగర్ ఉండొచ్చు, టీబీ ఉండొచ్చు, గుండె జబ్బు ఉండొచ్చు. అలసట ఉన్న ప్రతి ఒక్కరికీ లాంగ్ కోవిడ్ అని మేము అంటలేం.

కని ఈ ప్రశ్న మా అడుగుడుకు అడ్డం కాదు, అండ. లాంగ్ కోవిడ్ అనాలంటే ముందు మిగిలినవన్నీ కాదని తేలాలె. అంటే రక్తం శాతం, షుగర్, థైరాయిడ్, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయాలె. సికిల్ సెల్ ఎక్కువగ ఉన్న ప్రాంతాల ఆదివాసీ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ పరీక్ష కూడా అడగాలె. వందమందిని ఇట్ల చూస్తే కొందరికి రక్తం తక్కువున్నట్టు తేలుతది, ఐరన్ గోలీలతోటి నిలబడుతరు. ఒకరికి టీబీ ముందుగనే దొరుకుతది, ఇంట్ల పిల్లలకు అంటకుండ ఆగుతది. ఏదీ కాదని తేలినోళ్లకు వాళ్ల బాధకు పేరు దొరుకుతది. ఎవ్వరికీ నష్టం లేదు. సోమరితనం అనే పేరు పెట్టి ఇంటికి పంపితే మాత్రం అందరికీ నష్టమే.

ఇంకో పరీక్ష ఉన్నది, పైసా ఖర్చు కాదు. అయిదు పది నిమిషాలు పండుకోబెట్టి నాడి, బీపీ చూడాలె. తర్వాత గోడకు ఆనిచ్చి పది నిమిషాలు నిలబెట్టి మధ్య మధ్య మళ్ల చూడాలె. బీపీ పెద్దగ పడకుండనే నాడి నిమిషానికి 30, టీనేజ్ పిల్లలకైతే 40 దాటి పెరిగి, దడ, కళ్లు తిరుగుడు ఉంటే అది నిలబడితే గుండె ఉరికే ఇబ్బంది. ఈసీజీల, స్కానింగ్‌ల అది దొరకకపోవచ్చు, ఎందుకంటే అవి పండుకోబెట్టి తీస్తరు. పడిపోయే ప్రమాదం ఉంటది కాబట్టి పక్కన మనిషి లేకుండ, నర్సో డాక్టరో చూడకుండ చేయొద్దు. మా చెల్లెకు ఇన్నేండ్లకు, మాలో నర్సింగ్ చదివే అక్క చెప్తే, ఒక డాక్టరమ్మ ఈ పరీక్ష చేసింది. నాడి 78 నుంచి 121కి పోయింది. ఆ అంకె చూసి చెల్లె ఏడ్చింది. బాధతోటి కాదు. తను అబద్ధం చెప్తలేనని ఒక మిషన్ చెప్పింది.

"మందే లేనప్పుడు పరీక్ష ఎందుకు?"

లాంగ్ కోవిడ్‌ను పూర్తిగా తగ్గించే ఒక్క గోలీ ఇప్పటిదాక లేదు, నిజమే. అందుకే ఎవరన్న ఇరవై వేల ప్యాకేజీ, నెలకు ఇన్ని సూదులు అంటే నమ్మకండి. కని మందు లేకపోయినా చేసేది మస్తున్నది. నిలబడితే దడ వచ్చేటోళ్లకు నీళ్లు, ఉప్పు పెంచుడు, మెల్లగ లేచుడు, బిగుతు సాక్సులు పనికొస్తయ్. బీపీ, కిడ్నీ రోగం ఉన్నోళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండ ఉప్పు పెంచొద్దు. ఆయాసానికి ఊపిరి కసరత్తులు ఉన్నయ్, నిద్రకు, నొప్పికి చికిత్స ఉన్నది. మనసు కుంగితే టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, పైసలు కావు. మనసుకు సాయం తీసుకున్నంత మాత్రాన రోగం మనసుల పుట్టిందని కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఓపికను కొలిచి వాడుకునుడు. పని చేసిన ఒకటి రెండు రోజుల తర్వాత ఒళ్లు కూలిపోయేటోళ్లను బలవంతంగ కసరత్తు చేయిస్తే ఇంకా చెడుతది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 సెప్టెంబర్‌ల ఇచ్చిన సూచనలల్ల ఈ జాగ్రత్త ఉన్నది. మనదగ్గర మాత్రం "పని చేస్తే అదే తగ్గుతది" అని నాట్లకు తోలుకపోతరు. పనిని ముక్కలు చేసి, నడుమ ఇరాం తీసుకొని, బాగున్న రోజు కూడా ఆగి ఆగి చేయాలె. చేతిల వంద రూపాయలుంటే వారమంతా ఎట్ల సరిపెట్టుకుంటమో, ఓపికను గట్ల సరిపెట్టాలె. ఈ సంగతి ముందే తెలిస్తే మా చెల్లె ఎన్ని వారాలు మంచం మీద పడకపోయేదో.

ఛాతీల నొప్పి, సొమ్మసిల్లి పడుడు, ఒక దిక్కు చేయి కాలు పడిపోవుడు, ఆక్సిజన్ 94 కంటే తక్కువుండుడు, వీటిల ఏది ఉన్నా ఆగకుండ 108కు చేయాలె. డైరీలు, ఓపీలు తర్వాత సంగతి.

పైసలు, పని, హాజరు

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌ల 10 లక్షలకు పెంచిన్రు, మంచిదే. కని అది ఎక్కువగ దవాఖానల అడ్మిట్ అయ్యే చికిత్సలకు. లాంగ్ కోవిడ్ ఉన్నోళ్లు అడ్మిట్ కారు. ఓపీకి తిరుగుతరు, బస్ కిరాయి పెడుతరు, కూలి పోగొట్టుకుంటరు, ప్రైవేట్ల పరీక్షలకు అప్పు చేస్తరు. 10 లక్షల కార్డు జేబుల ఉన్నా మూడు రూపాయల మిత్తి తప్పలే.

ఉపాధి హామీ పనిల కొలతల మీద కూలి పడుతది, గ్రూపు మొత్తానికి కలిపి. ఒకరు ఆగి ఆగి తవ్వితే అందరి కూలి తగ్గుతది. అందుకే గ్రూపుల చేర్చుకోరు. 2005 చట్టం షెడ్యూల్ల ఆడోళ్లకు, ముసలోళ్లకు, వికలాంగులకు, శరీరాన్ని కుంగదీసే రోగాలున్నోళ్లకు వేరే రేట్లు ఉండాలని రాసి ఉండె. ఆ ముక్క ఎవ్వరూ చదివి వినిపించలే.

చదువుకునే పిల్లలకు 75 శాతం హాజరు అడుగుతరు. చాలా యూనివర్సిటీలల్ల 65 నుంచి 75 మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ మీద మినహాయింపు ఉంటది. అంటే రూల్ ఉన్నది, కాగితం లేదు. రోగాన్ని చూసి రాసిచ్చే చోటు లేకపోతే ఆ రూల్ మనకు లేనట్టే.

2016 వికలాంగుల హక్కుల చట్టంల 21 రకాల వైకల్యాలు ఉన్నయ్. లాంగ్ కోవిడ్ పేరు అందుల లేదు. అయినా ఒక సంగతి చూడండి. 1995 చట్టంల ఏడే ఉండె, సికిల్ సెల్, తలసేమియా అందుల లేవు. 2016ల చేరినయ్. ఒకరోజు బాగుండి ఒకరోజు మంచం మీద పడే రోగం, బయటికి కనబడని రోగం కూడా వైకల్యమేనని చట్టం ఒప్పుకున్నది. కొత్తవి చేర్చే అధికారం కూడా కేంద్రానికి ఆ చట్టమే ఇచ్చింది. అమెరికాల 2021 జూలైలనే లాంగ్ కోవిడ్ వైకల్యం కావచ్చని సర్కారు చెప్పింది. ఇంగ్లండ్‌ల 2020 ఆఖరు నుంచే ప్రత్యేక క్లినిక్‌లు పెట్టిన్రు. అక్కడ కూడా ఇంకా మస్తు తిప్పలున్నయ్, కని పోవడానికి ఒక తలుపు అంటూ ఉన్నది.

సిద్దిపేటల ఎందుకు అడుగుతున్నం

ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం దిక్కు ఐటీడీఏలు ఉన్నయ్. పనిచేస్తయా లేదా అన్నది వేరే ముచ్చట, పోయి అడగడానికి ఒక ఆఫీసు ఉన్నది. సిద్దిపేట షెడ్యూల్డ్ ఏరియా కాదు. ఇక్కడి తాండాలోళ్లు గిరిజనుల లెక్కల ఉన్నా, గిరిజన ఆరోగ్యం అనే లెక్కల రారు. 2018 చట్టంతోటి మన తాండాలు పంచాయతీలు అయినయ్. సర్పంచులం అయినం, కని ఆయాసం వస్తే ఎక్కడికి పోవాలెనో బోర్డు లేదు.

అట్లని సిద్దిపేటల ఏం లేదని కాదు. జిల్లా కేంద్రంల 2018 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉన్నది, దానికి పెద్దాసుపత్రి ఉన్నది, ఉచితంగ రక్త పరీక్షలు చేసే తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ఉన్నది, ఊర్లల్ల ఆశా అక్కలు ఉన్నరు. కొత్త బిల్డింగ్ అడుగుతలేం. ఉన్నోళ్లను వారానికి ఒక్కరోజు ఒక గదిల కలిపి కూసోబెట్టమంటున్నం. అందుకే ఇవి అడుగుతున్నం:

1. సిద్దిపేట ప్రభుత్వ ఆసుపత్రిల వారానికి ఒకరోజు కోవిడ్ తర్వాతి ఇబ్బందుల ఓపీ పెట్టాలె. జనరల్ డాక్టర్, ఫిజియోథెరపిస్ట్, మానసిక వైద్యులు ఒకే రోజు దొరకాలె. హుస్నాబాద్ దిక్కు నుంచి వచ్చేటోళ్లు మూడుసార్లు బస్ కిరాయి పెట్టుకోలేరు.

2. పాజిటివ్ రిపోర్ట్ లేదని ఎవ్వరినీ వాపస్ పంపొద్దు. జ్వర సర్వే రిజిస్టర్, ఆశా అక్క మాట సాక్ష్యంగా తీసుకోవాలె.

3. చూసినోళ్లందరికీ లక్షణాలు, చేసిన పరీక్షలు, ఏ పని చేయలేకపోతున్నరో రాసి కాగితం ఇయ్యాలె. పరీక్షలు నార్మల్ వస్తే, "పరీక్షలు నార్మల్, ఇబ్బంది ఉన్నది" అని రెండూ రాయాలె.

4. కాలేజీలు, గురుకులాలు, హాస్టళ్లు ఆ కాగితాన్ని హాజరు మినహాయింపుకు, కింది అంతస్తు రూముకు, పరీక్షల ఎక్కువ టైంకు ఒప్పుకోవాలె.

5. గోర్ బోలీ వచ్చిన ఒక మనిషి ఆ రోజు ఓపీల ఉండాలె. జీతం ఇయ్యలేమంటే మేము వంతుల వారీగ వచ్చి కూసుంటం.

మనం చేయాల్సింది

సర్కారును అడిగి ఊకుంటే సరిపోదు. వచ్చే తీజ్ పండుగకు, సేవాలాల్ జయంతికి ఇంటికి పోయినప్పుడు మీ తాండాల ఒక్క పూట తిరగండి. "కరోనా తర్వాత పాణం బాగలేనోళ్లు ఎవరున్నరు?" అని ఆడోళ్లను అడగండి. మొగోళ్లను అడిగితే ఎవ్వరూ లేరంటరు. అట్లాంటోళ్లు ఉంటే పైన చెప్పినట్టు కాగితం రాసిపెట్టండి. వాళ్ల పేరు, రోగం వాళ్లు ఒప్పుకోకుండ ఎక్కడా పెట్టకండి, పెండ్లి కావాల్సిన పిల్లలున్నరు. ఆ కాగితాలు వాళ్ల ఇంట్లనే ఉండాలె. ఎంతమంది ఉన్నరన్న లెక్క మాత్రం మాకు చెప్పండి. ఆ లెక్కతోటి కలెక్టరేట్‌ల ప్రజావాణికి దరఖాస్తు పెడుతం. అంకె లేకుండ పోతే "మీరొక్కరే అంటున్నరు" అంటరు.

"సూది ఏసుకున్నంకనే ఇట్లైంది" అనే మాట కూడా మీకు వినబడుతది. కొట్లాడకండి. జ్వరం ముందొచ్చిందా, సూది ముందేసుకున్నరా, లక్షణాలు ఎప్పుడు మొదలైనయ్ అని తారీఖులు అడిగి రాసుకోండి. టీకా ముందే ఏసుకున్నోళ్లకు లాంగ్ కోవిడ్ వచ్చే అవకాశం తక్కువని చాలా పరిశోధనలల్ల తేలింది, ఆ మాట మెల్లగ చెప్పండి. ఏ కారణమైనా, బాధ ఉన్నోళ్లకు పరీక్ష అందుడు ముఖ్యం.

చెల్లె ఇప్పుడు ఓపెన్ డిగ్రీ చదువుతుంది. పొద్దున గంట, మాపటికి గంట, అంతే. పెండ్లి ముచ్చట బాపు తనంతట తనే ఆపిండు. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం ఇంట్ల పట్టా పాస్‌బుక్ పెట్టే డబ్బాలనే పెట్టిండు. పూర్తిగా తగ్గలే, ఎప్పుడు తగ్గుతదో డాక్టరమ్మ కూడా చెప్పలే. కని ఇంట్ల ఆమెను సోమరి అనేటోళ్లు ఇప్పుడు ఎవ్వరూ లేరు. ఒక్క కాగితం చేసిన పని ఇది. అది దొరకడానికి మాకు నాలుగేండ్లు పట్టింది, నర్సింగ్ చదివే అక్క ఉన్నది కాబట్టి దొరికింది. అక్క లేని ఇండ్ల సంగతి ఏంది?

ఈ రాతను మీ తాండా ఆశా అక్కకు చదివి వినిపించండి. మీ దగ్గర ఎట్లున్నదో చెప్పండి. మేము తప్పు రాస్తే సరిచేయండి.

జై సేవాలాల్.

ఇట్లు,
సిద్దిపేటల చదువుకుంటున్న తాండా పిల్లలం